మీ ఊరి సీసీ రోడ్డు లెక్క మీరే తేల్చుకోండి: పంచాయతీ పనుల ఆడిట్‌కు సమగ్ర మార్గదర్శి

రోడ్డు వేసిన ఏడాదికే కంకర తేలితే ఊళ్లో వినిపించే మాట ఒక్కటే: "అంతా తినేశారు." ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు, అసలు తిన్నారా లేక ఎస్టిమేట్‌లోనే తప్పుందా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. కోపం ఉంటుంది గానీ కాగితం ఉండదు. కాగితం లేని కోపాన్ని ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు. ఆ కాగితం ఎలా సంపాదించాలి, ఎలా చదవాలి, టేపు పట్టుకుని రోడ్డు మీదకి వెళ్లి దేన్ని దేనితో పోల్చాలి అన్నదే ఇక్కడ చెప్తున్నాను. డిగ్రీలు అక్కర్లేదు. గుణకారం వస్తే చాలు, కొంచెం ఓపిక ఉంటే ఇంకా మంచిది.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. ఆడిట్ వాళ్లు ఉన్నారు కదా, మనమెందుకు? ఉన్నారు. పంచాయతీ లెక్కల్ని రాష్ట్ర ఆడిట్ శాఖ చూస్తుంది, కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) కూడా కొన్ని పంచాయతీల్ని ఎంచుకుని తనిఖీ చేస్తుంది. కానీ వాళ్ల పని ఎక్కువగా క్యాష్ బుక్కు, ఓచర్లు, తీర్మానాల మీదే నడుస్తుంది. ఓచర్ ఉంది, సంతకం ఉంది, తీర్మానం నంబరు ఉంది అంటే కాగితం వరకు అది సరైన ఖర్చే. మీ వీధిలో వేసిన రోడ్డు నిజంగా ఆరు అంగుళాల మందం ఉందో లేదో ఆ వీధిలో ఉండేవాళ్లే చెప్పాలి.

ఇలా జనమే లెక్క చూసే పద్ధతికి మన దేశంలో దారి వేసింది రాజస్థాన్ పల్లెలు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో జన్ సున్వాయీ (బహిరంగ విచారణ) పెట్టి, బిల్లులూ మస్టర్ రోళ్లూ (కూలీల హాజరు పట్టికలు) ఊరందరి ముందు పైకి చదివారు. పేరు చదవగానే ఆ మనిషే లేచి ఆ పని చేశాడో లేదో చెప్పడం, అంతే పద్ధతి. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) దాకా వచ్చింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్లు మొదలయ్యాయి, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టారు. కాబట్టి ఇది మనకు కొత్త విద్యేమీ కాదు.

ఒక్క పని ఎంచుకోండి

"గత ఐదేళ్ల ఖర్చులన్నీ కావాలి" అని దరఖాస్తు పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి అలా వద్దు. వందల పేజీలు వచ్చి పడతాయి, లేదా "సమాచారం విస్తారంగా ఉంది, ఆఫీసుకు వచ్చి చూసుకోండి" అని జవాబొస్తుంది. రెండిట్లో ఏదైనా మీ ఊపు చల్లారిపోతుంది. ఒకే ఒక్క పని తీసుకోండి. అది పూర్తయ్యి ఉండాలి, బిల్లు చెల్లించి ఉండాలి, ఏడాది రెండేళ్లలోపుదై ఉండాలి, టేపుతో కొలవగలిగేదై ఉండాలి. సీసీ రోడ్డు, సైడు కాలువ, ప్రహరీ గోడ, బోరు, వీధి దీపాలు ఇలాంటివి మొదటిసారికి బాగుంటాయి. చెరువు పూడికతీతతో మాత్రం మొదలుపెట్టకండి. ఎంత మట్టి తీశారో ఒక వాన పడ్డాక తేల్చడం ఇంజినీర్లకే కష్టం, పనికి ముందు తీసుకున్న లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) చేతిలో లేకపోతే ఆ వాదనకు అంతుండదు.

ఇంట్లో కూర్చుని దొరికేది ముందు తీసుకోండి

ఈ-గ్రామ్‌స్వరాజ్ అని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పోర్టల్ ఉంది, 2020 ఏప్రిల్ 24న మొదలైంది. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో ఏ పనులు పెట్టారు, ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బును రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ ఎలా పంచాలో చెప్పేది) నిధుల నుంచి ఏ ఖర్చులు పడ్డాయి అన్నది కనిపిస్తుంది. పని పేరు, మొత్తం, తేదీ, ఓచర్ నంబరు ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ వివరాలతో దరఖాస్తు రాస్తే "ఏ పని గురించి అడుగుతున్నారో స్పష్టంగా లేదు" అని తిప్పి పంపే వీలుండదు.

ఇక్కడే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని కట్టడి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, అయితే జీతాలకూ ఆఫీసు నిర్వహణకూ వాడకూడదు. నీళ్లకని వచ్చిన డబ్బులో స్వాగత ద్వారం ఖర్చు కనిపిస్తే మీకు మొదటి ప్రశ్న దొరికినట్టే.

ఆర్టీఐ దరఖాస్తు: ఏం అడగాలి, ఎవరిని అడగాలి

పని ఎవరు చేయించారో ముందు తెలుసుకోండి. పంచాయతీ సొంతంగా చేయించిందైతే పంచాయతీ కార్యదర్శికి, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం చేయించిందైతే ఆ సబ్-డివిజన్ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి రాయాలి. పొరపాటున ఒకరికి బదులు ఇంకొకరికి రాసినా భయం లేదు, సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో వాళ్లే సరైన ఆఫీసుకు పంపాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు దాని జిరాక్సు జతచేస్తే ఆ రుసుమూ కట్టక్కర్లేదు.

దరఖాస్తులో "ఎందుకు", "ఎలా" అనే ప్రశ్నలు పెట్టకండి. "రోడ్డు ఎందుకు పాడైంది?" అంటే అది సమాచారం కిందికి రాదని కొట్టేస్తారు. కాగితాల పేర్లు రాసి అడగండి. పరిపాలనా అనుమతి అంటే పనికీ డబ్బుకీ ఇచ్చే మంజూరు, సాంకేతిక అనుమతి అంటే ఎస్టిమేట్‌ను ఇంజినీరు ఆమోదించడం, నామినేషన్ అంటే టెండరు లేకుండా నేరుగా పని అప్పగించడం. ఎం-బుక్ (కొలతల పుస్తకం), లీడ్ స్టేట్‌మెంట్ (రవాణా దూరాల పట్టిక) సంగతి కింద చెప్తాను. ఇలా రాస్తే సరిపోతుంది:

"సమాచార హక్కు చట్టం-2005, సెక్షన్ 6(1) కింద, ఫలానా గ్రామంలో ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు ఫలానా సంవత్సరంలో వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి ఈ కింది వాటి ధృవీకరించిన నకళ్లు ఇవ్వగలరు: గ్రామసభ లేదా పంచాయతీ తీర్మానం, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, డీటెయిల్డ్ ఎస్టిమేట్ లీడ్ స్టేట్‌మెంట్‌తో సహా, టెండరు లేదా నామినేషన్ ఉత్తర్వు, అగ్రిమెంటు, ఎం-బుక్కులో ఈ పనికి సంబంధించిన అన్ని పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్షల రిపోర్టులు, చెల్లించిన బిల్లులు, పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్. అలాగే సెక్షన్ 2(జె) ప్రకారం ఈ పనిని, రికార్డులను స్వయంగా తనిఖీ చేయడానికి, ధృవీకరించిన మెటీరియల్ శాంపిల్ తీసుకోవడానికి తేదీ, సమయం తెలియజేయగలరు."

చివరి వాక్యాన్ని మాత్రం వదలకండి. చాలామందికి తెలియని హక్కు అది. సెక్షన్ 2(జె) కాగితాలతో ఆగిపోలేదు, పనిని చూడటం, మెటీరియల్ నమూనా తీసుకోవడం కూడా అందులో స్పష్టంగా ఉన్నాయి. రికార్డుల తనిఖీలో మొదటి గంటకు రుసుము ఉండదు, కాబట్టి ముందు వెళ్లి ఫైలంతా తిరగేసి ఏ పేజీలు కావాలో గుర్తుపెట్టుకుని వాటికే నకళ్లు అడిగితే డబ్బు కూడా మిగులుతుంది.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పైఅధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని జరగకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్లు ఉచితంగానే ఇవ్వాలి, సెక్షన్ 7(6) చూపించండి. ఇంకో సంగతి, వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సెక్షన్ 8(1)(జె)ని 2023 డేటా రక్షణ చట్టం బాగా బిగించేసింది. అందుకని కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు, ఖాతాల వివరాలు అడిగి దరఖాస్తు మొత్తాన్నీ తిరస్కరించే సాకు ఇవ్వకండి. మీకు కావాల్సింది పని కొలతలు, ఖర్చు.

కాగితాలొచ్చాయి, ఇప్పుడేం చూడాలి

ముందు అంకెల జోలికి వెళ్లకండి, తేదీలు చూడండి. ఒక తెల్లకాగితం మీద వరసగా రాయండి: తీర్మానం, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, అగ్రిమెంటు, పని మొదలు, ఎం-బుక్కులో కొలత, చెక్ మెజర్‌మెంట్ (పై ఇంజినీరు మళ్లీ కొలిచి చూడటం), బిల్లు, చెల్లింపు. ఈ వరస ఎక్కడైనా తలకిందులైతే, అంటే అగ్రిమెంటుకు ముందే కొలతలు ఎక్కడమో, చెక్ మెజర్‌మెంట్ కాకుండానే బిల్లు పోవడమో కనిపిస్తే అక్కడ ఆగండి. మార్చి నెలాఖరు తేదీలైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏడాది నిధులు వెనక్కి పోతాయన్న టెన్షన్‌లో పని అవకముందే కొలతలు ఎక్కించడం ఎప్పుడూ ఉన్న రోగమే.

క్వాలిటీ రిపోర్టులో ఒక తేదీ మరీ ముఖ్యం. ఎం20 కాంక్రీటు అంటే పోసిన 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాలని అర్థం. దానికోసం పోసే రోజే చిన్న క్యూబులు చేసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, మెషీన్‌లో నొక్కి చూస్తారు. మీ చేతిలోని రిపోర్టులో క్యూబు పోసిన తేదీకీ పరీక్ష తేదీకీ మధ్య పన్నెండు రోజులే ఉండి, దాన్ని 28 రోజుల ఫలితం అని రాసుంటే ఆ పరీక్షే జరగలేదని అనుమానించాలి. ఈ ఒక్క లెక్క చేయడానికి క్యాలెండర్ చాలు.

తర్వాత ఎం-బుక్. పని కొలతలన్నీ ఎక్కే అసలు పుస్తకం ఇదే, దీని మీదే బిల్లు నడుస్తుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలత రాస్తారు, పైనున్న డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) లేదా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) చెక్ మెజర్ చేసి సంతకం పెడతారు. పేజీలకు వరస నంబర్లు ఉంటాయి. తప్పు పడితే దాన్ని కనబడేలా కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి గానీ చెరిపి దిద్దకూడదు. వరసలో పొడవు, వెడల్పు, మందం, పరిమాణం అని నాలుగు గడులు ఉంటాయి, వాటిని ఎస్టిమేట్‌లో ఉన్న ఐటెంలతో పక్కపక్కన పెట్టి చూడండి. నేల చదును చేయడం, గ్రావెల్ బేస్, కాంక్రీటు, జాయింట్లు కోయడం, రోడ్డుకు రెండు వైపులా గ్రావెల్ బెర్ములు (అంచు పట్టీలు), పని వివరాల బోర్డు ఇలా ఉంటాయి. కాంక్రీటు అందరి కంటికీ కనబడుతుంది కాబట్టి దాన్ని వేస్తారు. బెర్ములూ బోర్డూ చాలాచోట్ల కాగితం మీదే మిగిలిపోతాయి. బోర్డుకు డబ్బులు తీసుకుని బోర్డు పెట్టకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ బోర్డు ఉంటేనే కదా మొత్తం ఎంత, కాంట్రాక్టర్ ఎవరు అని దారినపోయేవాడికి తెలిసేది.

లీడ్ స్టేట్‌మెంట్ కూడా వదలొద్దు. ఇసుక, కంకర, గ్రావెల్ ఎంత దూరం నుంచి తెస్తున్నారో దాన్నిబట్టి రవాణా రేటు పెరుగుతుంది. మీ ఊరికి పదిహేను కిలోమీటర్లలో క్రషర్ ఉండగా నలభై కిలోమీటర్ల అవతల ఉన్న క్వారీ పేరు రాసుంటే, ఆ తేడా ప్రతి ఘనమీటరు మీదా పడుతుంది. మెటీరియల్ ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఊరి ట్రాక్టర్ డ్రైవర్లకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, వాళ్లతో మాట్లాడండి.

టేపు పట్టుకుని రోడ్డు మీదకి

ఒక్కరే వెళ్లకండి. ముప్పై మీటర్ల టేపు, నోట్‌బుక్, ఫొటోలో తేదీ, స్థలం పడే ఫోన్, ఊళ్లో మాటకు విలువున్న నలుగురైదుగురు. పొదుపు సంఘం అక్కాచెల్లెళ్లు ఇద్దరు ఉంటే మరీ మంచిది, రోడ్డు పోసిన రోజు ఇంటి ముందు నిలబడి చూసింది వాళ్లే. ఎన్ని రోజులు నీళ్లు పెట్టి తడిపారు, మిక్సరుతో కలిపారా, వైబ్రేటర్ తెచ్చారా, ఆ రోజు ఇంజినీరు వచ్చారా అని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

పొడవు కొలవండి. వెడల్పు ఒకచోట కొలిచి ఊరుకోకండి, పది మీటర్లకోసారి కొలిచి సగటు తీయండి. ఇక మందం. రోడ్డు మొదలు, చివర తెగిన అంచు దగ్గర కనబడుతుంది, కానీ దాన్ని నమ్మొద్దు. అంచున ఆరంగుళాల చెక్క నిలబెడతారు కాబట్టి అక్కడ ఎప్పుడూ మందం సరిపోతుంది, మధ్యలో కింద మట్టిని ఎత్తుగా వదిలేస్తే పైన కాంక్రీటు నాలుగంగుళాలే పడుతుంది. మరి మధ్యలో ఎలా చూడాలి? కుళాయి పైపు కోసం రోడ్డును అడ్డంగా కోసిన చోట్లు వెతకండి. జల్ జీవన్ మిషన్ పనుల పుణ్యమా అని చాలా ఊళ్లలో ఇవి కనిపిస్తాయి. కోత ఇంకా పూడ్చకపోతే కాంక్రీటు పొర, కింద గ్రావెల్ పొర, దాని కింద మట్టి మూడూ విడివిడిగా కనబడతాయి, అక్కడ స్కేలు పెట్టి ఫొటో తీయండి. అలాంటి చోటు లేకపోతే సొంతంగా రోడ్డు తవ్వే పని మాత్రం చేయకండి, అది ప్రభుత్వ ఆస్తి, కేసు మీ మీదే పడుతుంది. శాంపిల్ కోసం దరఖాస్తులో అడిగారు కదా, కోర్ కటింగ్ (యంత్రంతో రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీయడం) చేయించమని అధికారుల్నే పట్టుబట్టండి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు ఎం-బుక్కులో 120 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం రాశారనుకుందాం. గుణిస్తే 54 ఘనమీటర్లు. మీరు కొలిస్తే పొడవు అంతే ఉంది గానీ వెడల్పు సగటున 2.8, మందం 0.12 వచ్చింది. అంటే 40.32 ఘనమీటర్లు. తేడా 13.68 ఘనమీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనమీటరుకు సుమారు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది కాబట్టి ఒక్క సిమెంటే దాదాపు 109 బస్తాల తేడా. ఎస్టిమేట్‌లో ఘనమీటరు రేటు ఉంటుంది, దాంతో గుణిస్తే రూపాయల్లో తేలిపోతుంది. ఊరందరి ముందు చెప్పేటప్పుడు ఘనమీటర్ల కంటే బస్తాల్లో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

పని సరిగ్గానే చేశారు, మరి ఉపయోగం?

నా దృష్టిలో అసలైన ఆడిట్ ఇక్కడ మొదలవుతుంది. కొలతలన్నీ సరిపోయి, ఒక్క రూపాయి కూడా పక్కకు పోకుండా, డబ్బు పూర్తిగా వృథా అయిన పనులుంటాయి. కాగ్ పనితీరు ఆడిట్లలో మూడు విషయాలు చూస్తారు. తక్కువ ఖర్చుకు కొన్నారా, పెట్టినదానికి తగినంత పని వచ్చిందా, ఆఖరికి అనుకున్న ఫలితం దక్కిందా. మనమూ అవే అడుగుదాం.

సైడు కాలువ తీసుకోండి. గోడలు నున్నగా ఉన్నాయి, కొలతలు కుదిరాయి. పై చివర ఒక బిందె నీళ్లు పోసి కింది చివర నిలబడండి. నీళ్లు రాకుండా మధ్యలోనే నిలిచిపోతే వాటం తప్పింది. వచ్చి కాలువ ముగిసిన చోట ఎవరి ఇంటి ముందో మడుగు కడితే, నీళ్లు బయటికి పోయే దారి చూడకుండానే ఎస్టిమేట్ వేశారు. ఆ కాలువతో దోమలు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు మారాయి, అంతే.

వీధి దీపాలైతే ఓచర్‌లో ఎన్ని కొన్నారో చూసి రాత్రి తిరిగి ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. గ్యారంటీ కార్డులు ఆఫీసులో ఉన్నాయా అడగండి, ఎందుకంటే గ్యారంటీలో ఉచితంగా మార్చాల్సిన దీపానికి మళ్లీ కొత్తగా బిల్లు పెట్టడం మామూలే. ఎల్ఈడీలు పెట్టాక పంచాయతీ కరెంటు బిల్లు తగ్గిందా? ముందు ఏడాది, తర్వాత ఏడాది బిల్లులు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

తాగునీళ్ల ఖర్చును బ్లీచింగ్ పౌడర్ ఓచర్లతో చూడొచ్చు. ఎన్ని బస్తాలు కొన్నారు, స్టాక్ రిజిస్టరులో ఎన్ని ఎక్కాయి, ఎప్పుడెప్పుడు వాడినట్టు రాశారు అని చూశాక, ట్యాంకుకు దగ్గరి ఇంట్లో కాకుండా ఊరి చిట్టచివరి కుళాయి దగ్గర క్లోరిన్ కిట్‌తో పరీక్షించండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం. చుక్కలు వేసినా రంగు మారకపోతే, రిజిస్టరులో ఆ రోజు బ్లీచింగ్ వేసినట్టు రాసుంటే, ఆ రెండిటి ఫొటోలు చాలు. మోటారు రిపేర్లదీ ఇదే దారి. ఒకే మోటారుకు ఏడాదిలో ఎన్నిసార్లు వైండింగ్ చేయించారో కలిపి చూస్తే, ఆ డబ్బుతో కొత్త మోటారే వచ్చేదేమో తేలుతుంది.

ఇంకొక్క ప్రశ్న నాకు చాలా ముఖ్యం. ఏ వీధికి వేశారు? మూడేళ్ల పనుల జాబితా తీసి ఊరి పటం మీద గుర్తులు పెట్టండి. ఒకే వీధికి రెండుసార్లు రోడ్డు పడి, ఎస్సీ కాలనీలోనో చివరి బజారులోనో ఇంకా బురదే ఉంటే ఏ ఓచర్ కూడా ఆ సంగతి చెప్పదు, మీ పటం చెబుతుంది.

తేలింది రాయండి, ముందు వాళ్లనే అడగండి

తేడా కనబడగానే వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలనిపిస్తుంది. ఆగండి. రెండు పేజీల్లో రాయండి: పని పేరు, కాగితం ప్రకారం ఎంత, మేం కొలిస్తే ఎంత, తేడా, ఫొటో నంబరు, ఎవరెవరు ఉన్నారు. "దొంగలు", "మింగారు" లాంటి మాటలు ఒక్కటీ వద్దు. ఆ రెండు పేజీలు ఇచ్చి వారం పదిరోజుల్లో వివరణ ఇమ్మని కార్యదర్శినీ ఏఈనీ అడగండి. కొన్నిసార్లు నిజంగానే జవాబుంటుంది. వెడల్పు తగ్గినచోట ఎవరిదో అరుగు అడ్డొచ్చి ఉండొచ్చు, ఆ మేరకు బిల్లులో తగ్గించి ఉండొచ్చు కూడా. పొరపాటు, నిర్లక్ష్యం, మోసం మూడూ వేర్వేరు. మూడిటికీ ఒకే మాట వాడితే రేపు నిజమైన మోసం దొరికినప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు.

జవాబు రాకపోతే, వచ్చినా పొంతన లేకపోతే గ్రామసభలో పెట్టండి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అంకెలు చదివి, రోడ్డు మళ్లీ కొలిపించాలని తీర్మానం రాయించి, ఆ తీర్మానం నకలు తీసుకోండి. అక్కడి నుంచి జిల్లా పంచాయతీ అధికారి, ఇంజినీరింగ్ ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు), సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమం. రాష్ట్ర ఆడిట్ శాఖ జిల్లా కార్యాలయానికి ఒక కాపీ తప్పకుండా పంపండి. వాళ్లు ఆ ఏడాది లెక్కలు చూసేటప్పుడు మీ కొలతలు చేతిలో ఉంటే అభ్యంతరం రాయడానికి ఆధారం ఉంటుంది, రికవరీ దాకా వెళ్లే అవకాశం ఉంటుంది.

బెదిరింపులు వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఈ దేశంలో సమాచారం అడిగినందుకు ప్రాణాలు పోయిన మనుషులున్నారు. దరఖాస్తులు ఒక్కరి పేరుతోనే కాకుండా నలుగురి పేర్లతో విడివిడిగా వేయండి, అసలు కాగితాలు ఒక్క ఇంట్లోనే పెట్టకండి, స్కాన్ చేసి ఊరి బయట నమ్మకమైనవాళ్లకు పంపండి. మాట్లాడటానికి ఏకాంతంగా రమ్మంటే వెళ్లొద్దు, ఆఫీసు వేళల్లో ఆఫీసులోనే కలుద్దామనండి.

ఆఖరుగా, అగ్రిమెంటులో ఒక గడువు ఉంటుంది, అందరూ దాటేసి చదివే పేజీలో. పని పూర్తయ్యాక కొంతకాలం వరకు ఏ లోపం వచ్చినా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి, దానికోసం అతని బిల్లులోంచి కొంత డబ్బు డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు. ఆ తేదీ వెతికి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. గడువుకు రెండు నెలల ముందే పగుళ్లు, గుంటలు, కంకర తేలిన చోట్లు ఫొటోలు తీసి, మరమ్మతు చేయించేదాకా డిపాజిట్ విడుదల చేయవద్దని ఈఈకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గడువు అయిన మర్నాడు డిపాజిట్ విడుదలైందా, ఏ సర్టిఫికెట్ మీద విడుదలైందో అడుగుతూ ఇంకో ఆర్టీఐ వేయండి.